ఆ 'మోషన్ కిట్' వాయిస్ మెసేజ్‌లో గొంతు నాదే, దయచేసి నమ్మకండి

వైజాగ్‌లో చంటిపిల్లలున్న వాళ్లందరికీ ఒక హెచ్చరిక. పిల్లల వస్తువులు అమ్మే ఒక షాపులో, పసిపిల్లలకి దొడ్డికి అయ్యేలా చేస్తుందంటూ 'మోషన్ కిట్' అని 1,450 రూపాయలకి ఒక డబ్బా అమ్ముతున్నారు. కొందామా వద్దా అని మీరు ఊగిసలాడుతుంటే కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపిస్తుంది. "మేడం, చాలా చాలా థాంక్స్, పొద్దున్నే ఫుల్‌గా అయిపోయింది, ఇంట్లో అందరం హ్యాపీ" అని ఒక మగ గొంతు, వెనకాల కుక్కర్ విజిల్. ఆ గొంతు నాది. కుక్కర్ మా అత్తయ్యగారిది. ఆ మెసేజ్ పంపిన నాలుగు రోజులకి నేను పాపని ఎత్తుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆ సంగతి మాత్రం ఎవరికీ వినిపించరు.

మా పాప నెలలు నిండాక పుట్టింది, 3 కిలోలు. పురుటికని మా ఆవిడ కంచరపాలెంలో పుట్టింట్లో ఉంది. నేను గాజువాక వైపు షిఫ్టు డ్యూటీ చేసుకుని వచ్చిపోతూ ఉన్నాను. మొదటి నెలంతా పాలు తాగిన ప్రతిసారీ దొడ్డికి వెళ్లేది. రోజుకి ఐదారు సార్లు, ఆవాలు నూరి కలిపినట్టు పచ్చగా, పలచగా. లంగోటాలు ఉతకలేక అత్తయ్యగారి చేతులు పడిపోయాయి. ఆరు వారాలు దాటాయో లేదో, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక రోజు లేదు, రెండు రోజులు లేదు. మూడో రోజు నుంచి ఇంట్లో ఎవరు ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాట అదే, "అయ్యిందా?"

ఆరో రోజుకి మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ రంగంలోకి దిగింది. "ఆరు దినాలు కడుపులో ఉంచీసుకుంటే పిల్ల ఏటైపోద్ది బాబూ? తమలపాకు కాడ తే, ఆముదంలో ముంచి నాను సూసుకుంతాను" అంది. ఆ కాడని పిల్ల కింద ద్వారంలో పెట్టడం పాత పద్ధతి. ఆవిడ పిల్లల్నీ మనవల్నీ అలాగే పెంచింది, తప్పు పట్టలేం. మా ఆవిడ మాత్రం ససేమిరా అంది. ఇద్దరి మధ్యా నలిగిపోయి, తమలపాకు కాడ కంటే షాపులో దొరికే సీలు వేసిన సీసా నయం అనుకున్నాను. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఫోన్లో వెతికితే ఈ షాపు తగిలింది. నా తెలివి అక్కడే తెల్లారింది.

ఆ డబ్బాలో ఏముందో చెప్తాను. 30 ఎం.ఎల్. చుక్కల మందు సీసా ఒకటి, బొడ్డు చుట్టూ రాసే ఇంగువ నూనె ఒకటి, 'గ్యాస్ ట్యూబ్' అని సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు ఐదు. గొట్టాన్ని ఎక్కడ పెట్టాలో బొమ్మ కూడా వేశారు. తమలపాకు కాడకి ప్లాస్టిక్ వేషం వేశారంతే! అది వాడకపోవడమే ఆ వారంలో మేం చేసిన ఒకే ఒక్క మంచి పని. ఆ గొట్టాల్ని అత్తయ్యగారు బియ్యం డబ్బా వెనక దాచేశారు, అమ్మమ్మగారికి కనబడకుండా.

సీసా మీద ఆకుపచ్చ ఆకులు, బొద్దుగా నవ్వుతున్న పాప బొమ్మ, '100 శాతం సహజం' అన్న అక్షరాలు. వెనక్కి తిప్పితే, ఏమేం కలిపారో రాయాల్సిన చోట 'పురాతన మూలికల మిశ్రమం' అని ఒక్క ముక్క. గడువు దగ్గర 'తయారైన తేదీ నుంచి 24 నెలలు' అని ఉంది. తయారైన తేదీ సీసా అంతా వెతికినా లేదు. లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, చేసినవాళ్ల అడ్రసు లేదు. ఇవన్నీ నేను చూసింది కొన్న రోజు కాదు, డాక్టర్ చూడమన్నాక. కిరాణా కొట్లో పప్పు ప్యాకెట్ కొంటే తేదీ చూస్తాను. నలభై చిల్లర రోజుల పిల్ల నోట్లో వేసేదానికి చూడలేదు.

మోతాదు పది చుక్కలు, రోజుకి మూడుసార్లు, గోరువెచ్చని నీళ్లలో. పిల్ల బరువు ఎంతో అడగలేదు. అసలు పిల్లకి ఎన్ని రోజులో కూడా అడగలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ఫోన్లో మాట్లాడిన 'నిపుణురాలు' ఇంకో సలహా ఇచ్చింది. తల్లిపాలు వేడి చేసి ఉంటాయట, రోజుకి రెండుసార్లు డబ్బాపాలు పట్టమంది. ఆ డబ్బా వాళ్ల దగ్గరే కొంటే 10 శాతం తగ్గిస్తామంది. మా ఆవిడ ఒప్పుకోలేదు కాబట్టి బతికిపోయాం. తర్వాత తెలిసింది, శిశువుల పాల డబ్బాల అమ్మకం పెంచడానికి ఎవరికీ ఇలా ఆశ చూపించకూడదని 1992 నుంచీ మన దేశంలో చట్టమే ఉందని.

ఆరో రోజు సాయంత్రం, రాత్రి చుక్కలు వేశాం. ఏడో రోజు పొద్దున్న అయిదింటికి పాపకి అయ్యింది. అలా ఇలా కాదు, లంగోటా దాటి, బొంత దాటి, మా ఆవిడ చీర దాకా. మెత్తగా, పచ్చగా, ఎప్పటిలాగే. ఇల్లంతా పండగ. ఆ ఊపులోనే నేను ఆ మెసేజ్ పంపాను. "కోర్సు మధ్యలో ఆపకండి, ఐదు రోజులు వాడాలి" అని జవాబు వచ్చింది. వాడాం. మూడో రోజుకి రోజుకి ఎనిమిది, తొమ్మిది సార్లు నీళ్ల విరేచనాలు. పిర్రలు ఎర్రగా పచ్చిపుండులా అయిపోయాయి. తుడిస్తే చాలు కీచుమని ఏడుపు. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేసేది. నాలుగో రోజు మధ్యాహ్నానికి మూడే లంగోటాలు తడిపింది. ఇక ఆగలేదు, బయల్దేరాం.

డాక్టరమ్మ పాపని బరువు తూచారు, 4.1 కిలోలు. పొట్ట నొక్కి చూశారు, నోరు తడిగా ఉందో లేదో చూశారు. మందేమీ రాయలేదు. చుక్కలు ఆపేయమని, అడిగినప్పుడల్లా తల్లిపాలే పట్టమని, ఒంటేలు లెక్క రాసుకుని మర్నాడు మళ్లీ తీసుకురమ్మని చెప్పారు. సీసా మూత తీసి వాసన చూసి, "ఇందులో ఏముందో నాకూ తెలీదు, మీకూ తెలీదు. సునాముఖి లాంటిది ఏదైనా ఉంటే పెద్దవాళ్లకే కడుపు జాడిస్తుంది. తీపి కోసం తేనె కలిపితే అది ఇంకో ప్రమాదం, ఏడాది లోపు పిల్లలకి తేనె చుక్క కూడా తగలకూడదు" అన్నారు. తేనెలో ఉండే ఒకరకం బాక్టీరియా పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేసి కండరాల్ని పడేస్తుందట. ఆరు నెలల వరకు నీళ్లు కూడా అక్కర్లేదని, తల్లిపాలలోనే కావలసినంత నీరు ఉంటుందని అప్పుడే చెప్పారు.

"మరి ఆ ఆరు రోజులు?" అని అడిగాను. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను.

పుట్టిన కొత్తలో వచ్చే ముర్రుపాలకి విరేచనం చేయించే గుణం ఉంటుంది. నల్లగా తారులా ఉండే మొదటి మలం దానితోనే బయటికొస్తుంది. నాలుగైదు రోజులకి పసుపు రంగులోకి మారుతుంది. అప్పటి నుంచి మొదటి నెల, నెలన్నర దాకా తల్లిపాలు తాగే పిల్లలు రోజుకి మూడుసార్లయినా వెళ్తారు. ఆరు వారాలు దాటాక పాల తీరు మారుతుంది, పిల్ల పేగు కూడా కాస్త ముదురుతుంది. తల్లిపాలు దాదాపు అంతా ఒంటికి పట్టేస్తాయి, బయటికి పంపడానికి పెద్దగా పిప్పి మిగలదు. అందుకే కొందరు నాలుగు రోజులకోసారి, వారానికోసారి, అంతకంటే ఆలస్యంగా కూడా వెళ్తారు. వెళ్లినప్పుడు మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. మలబద్ధకం అంటే మేక పెంటికల్లా గట్టిగా రావడం. ఆ ఆరు రోజులూ పాప బాగా పాలు తాగింది, రోజుకి ఆరేడు సార్లు ఒంటేలుకి వెళ్లింది, బరువు పెరిగింది. జబ్బే లేదు. లేని జబ్బుకి నేను 1,450 పెట్టి మందు కొన్నాను, ఆ మందుతో ఉన్న ఆరోగ్యం పోగొట్టాను.

ఇంకొకటి. పాప ముక్కుతూ, కాళ్లు ముడుచుకుని, ముఖం కందగడ్డలా చేసుకుని పది నిమిషాలు ఏడ్చేది. అది నొప్పి అనుకుని మేం వణికిపోయాం. పొట్టతో నెట్టేటప్పుడు కింద ద్వారం వదులు చెయ్యాలని పసివాళ్లకి ఇంకా తెలీదు, ముక్కుతూనే బిగబట్టేస్తారట. కొన్ని వారాల్లో వాళ్లే నేర్చుకుంటారు. కాడలు, గొట్టాలు, సబ్బు ముక్కలు పెట్టి అలవాటు చేస్తే ఆ నేర్చుకోవడం ఆలస్యమవుతుంది, లోపల చీరుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ఈ మాట డాక్టరమ్మ చేతే అమ్మమ్మగారికి ఫోన్లో చెప్పించాను. "ఓలమ్మో, మరి నాను ఇంతమందిని..." అని ఆగిపోయింది పాపం.

అంటే ఆ మందు పని చేసిందా? ఆరు రోజులు ఆగిన పిల్లకి ఏడో రోజు ఎలాగూ అయ్యేదే. ఆ సీసాలో కుళాయి నీళ్లు పోసి అమ్మినా నేను అదే మెసేజ్ పంపేవాణ్ణి. వీళ్ల వ్యాపారం అంతా ఆ ఒక్క రోజు మీదే నడుస్తోంది.

పాప కుదుటపడ్డాక డబ్బులు వెనక్కి అడగడానికి షాపుకి వెళ్లాను. సీలు తీసింది తీసుకోం అన్నారు. నేను వాదిస్తుండగా పక్కన ఒక కుర్రాడు వచ్చాడు. పెందుర్తి నుంచి వచ్చాడట, కళ్లు చూస్తేనే నిద్ర లేదని తెలుస్తోంది. "బాబుకి తొమ్మిది రోజులండి, మూడు రోజుల నుంచి అవ్వట్లేదు, ఒకటే ఏడుపు" అన్నాడు. కౌంటర్ అమ్మాయి అదే డబ్బా తీసి ముందు పెట్టి ఫోన్ ఆన్ చేసింది. నా గొంతు, కుక్కర్ విజిల్. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ అమ్మాయికి నేనెవరో తెలీదు.

ఎన్ని రోజుల పిల్ల అని అడగకపోవడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. మా పాప ఏడో వారంలో ఆరు రోజులు వెళ్లకపోతే కంగారు లేదు. తొమ్మిది రోజుల బిడ్డ మూడు రోజులు వెళ్లకపోతే మొదటి అనుమానం పాలు సరిగ్గా అందట్లేదేమో అని. రొమ్ము సరిగ్గా పట్టుకుంటున్నాడో చూడాలి, బరువు తూచాలి, అదీ అదే రోజు. అలాంటి బిడ్డకి చుక్కలు వేసి 'కోర్సు' అయ్యేదాకా కూర్చుంటే ఏమవుతుంది? ఆ కుర్రాణ్ణి బయటికి తీసుకొచ్చి, ఇది కొనకు తమ్ముడూ, ఇటు నుంచి ఇటే బాబుని కేజీహెచ్‌కో ఘోషా ఆసుపత్రికో, లేదంటే దగ్గర్లో ఏ పిల్లల డాక్టర్‌కో చూపించు అని చెప్పాను. తల ఊపి బండెక్కి వెళ్లిపోయాడు.

ఇవి ఉంటే వయసు ఎంతైనా ఏ షాపుకీ వెళ్లొద్దు, నేరుగా ఆసుపత్రికే. పుట్టిన 48 గంటల్లోపు మొదటి నల్ల మలం రాకపోవడం, ఆకుపచ్చటి పసరు వాంతి, పొట్ట ఉబ్బి గట్టిగా అవ్వడం, మలంలో రక్తం, సున్నంలా తెల్లగా పాలిపోయిన మలం, పాలు తాగకుండా మగతగా పడి ఉండడం, పుట్టి ఐదు రోజులు దాటాక కూడా రోజుకి ఆరు కంటే తక్కువ తడి లంగోటాలు, బరువు పెరగకపోవడం. మూడు నెలల లోపు పిల్లకి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అర్ధరాత్రి అయినా సరే. బరువు విషయంలో టెన్షన్ పడేవాళ్లు దగ్గర్లోని అంగన్‌వాడీలో గానీ పట్టణ ఆరోగ్య కేంద్రంలో గానీ ఉచితంగా తూయించుకోవచ్చు. ఆ పని నేను ఆరో రోజున చేసుంటే ఇదంతా లేదు.

ఆ డబ్బా ఇప్పటికే కొన్నవాళ్లు సీసాని పారేయకండి. అన్ని వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆయుర్వేద మందు అయినా సరే ఏమేం కలిపారో, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, చేసినవాళ్ల అడ్రసు లేబుల్ మీద ఉండి తీరాలి. నాకు ఇచ్చిన బిల్లు ఒక చీటీ, దాని మీద పెన్సిల్‌తో 'బేబీ ఐటమ్స్ 1450'. అదృష్టం కొద్దీ ఫోన్‌పేలో కట్టాను కాబట్టి రుజువు మిగిలింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, నంబరు ఇచ్చారు, ఇంకా ఏమీ తేలలేదు. ఔషధ నియంత్రణ శాఖ వాళ్లకి సీసా ఫోటోలు పంపాను. ఆ మెసేజ్ తీసేయమని షాపు నంబరుకి మూడుసార్లు రాశాను. చదివినట్టు రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

పాప ఇప్పుడు మళ్లీ ఐదు రోజులకోసారి వెళ్తోంది. మొన్న అమ్మమ్మగారి ఒళ్లోనే పని కానిచ్చింది.

పెందుర్తి తమ్ముడూ, ఇది నీ కంట పడితే బాబు బరువు ఎంత వచ్చిందో ఒక్క మాట చెప్పు. నీ నంబరు తీసుకోవడం మర్చిపోయాను.