మౌంటెన్ బైక్‌కు ఏ సీటు మేలు: మెత్తటి జెల్ సీటా, గట్టి సీటా, తోలు సీటా?

సైకిల్ దిగాక కూర్చోలేనంత నొప్పి వస్తే చాలామంది నేరుగా షాపుకెళ్లి, ఉన్నవాటిలో అన్నిటికన్నా లావుపాటి సీటు కొంటారు. బొటనవేలితో నొక్కితే దూదిలా దిగుతుంది, చేతికి హాయిగా ఉంటుంది. శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ నుంచి అరసవల్లి వెళ్లి రావడానికి ఆ సీటు నిజంగానే బాగుంటుంది. అదే సీటు మీద కళింగపట్నం దాకా వెళ్లి వెనక్కి తొక్కుకొస్తే మాత్రం కథ మారుతుంది. గంట దాటాక నొప్పి పిరుదుల నుంచి ముందుకు జరుగుతుంది, తర్వాత తిమ్మిరి మొదలవుతుంది.

ఎందుకంటే కూర్చున్నప్పుడు ఒంటి బరువు మోయాల్సింది పిరుదుల కింద చెరోవైపు ఉండే రెండు ఎముకలు. మరీ మెత్తటి సీటులో ఆ ఎముకలు లోపలికి దిగబడతాయి. పక్కకు నలిగిన ఫోమ్ మధ్యలోకి ఉబికి, కాళ్ల మధ్య మెత్తటి భాగాన్ని కింద నుంచి ఒత్తుతుంది. జననాంగాలకు వెళ్లే నరాలూ రక్తనాళాలూ సాగేది అక్కడే. బరువు ఎముకల మీది నుంచి నరాల మీదికి మారడమే ఆ తిమ్మిరికి కారణం.

అందుకే సీటు విషయంలో మెత్తదనం చివర చూడాలి. ముందు వెడల్పు, తర్వాత ఆకారం, ఆపైన మందం. వెడల్పు కుదరని సీటు ఎన్ని వేలు పెట్టి కొన్నా కూర్చోనివ్వదు.

వెడల్పు తేల్చుకోవడానికి షాపుకు వెళ్లక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే అట్టపెట్టెలో మూరెడు ముక్క చాలు, లోపల ముడతలున్న అట్ట అయ్యుండాలి. దాన్ని సిమెంటు మెట్టు మీద పరిచి, పల్చటి బట్టలతో దాని మీద కూర్చోండి. మడమలు లేపి మోకాళ్లు తుంటికన్నా కాస్త పైకి వచ్చేలా పెట్టి, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి అరనిమిషం కదలకుండా ఉండండి. లేచాక అట్టను ఏటవాలు వెలుతురులో చూస్తే రెండు గుంటలు కనబడతాయి. ఒక గుంట నడిమధ్య నుంచి రెండోదాని నడిమధ్యకు కొలవండి. రెండు మూడుసార్లు కొత్త అట్టముక్కతో చేస్తే కొలత మీద నమ్మకం కుదురుతుంది. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇది 100 నుంచి 150 మి.మీ. మధ్య వస్తుంది. ఆడవాళ్లకు సగటున కొంచెం ఎక్కువ. మనిషి లావు చూసి ఈ దూరం అంచనా వేయడం కుదరదు. సన్నటి మనిషికి ఎముకలు దూరంగా, భారీ మనిషికి దగ్గరగా ఉండొచ్చు.

వచ్చిన కొలతకు 20 నుంచి 30 మి.మీ. కలిపితే మీకు కావాల్సిన సీటు వెడల్పు. బాగా వంగి తొక్కేవాళ్లకు 20 చాలు. నడుము వంగేకొద్దీ కటి ముందుకు తిరిగి, ఎముకల్లో ఇరుకైన భాగం సీటుకు ఆనుతుంది. నిటారుగా కూర్చునేవాళ్లకు 30 దాకా కావాలి. 115 మి.మీ. వచ్చిన మనిషి 135కూ 145కూ మధ్య చూసుకోవాలన్నమాట. మంచి కంపెనీలు ఒకే మోడల్‌ను రెండు మూడు వెడల్పుల్లో చేస్తాయి. ఉదాహరణకు డబ్ల్యూటీబీ కంపెనీ వోల్ట్ సీటు 135, 142, 150 మి.మీ.లలో వస్తుంది. వెనకభాగం ఎంత చదునుగా ఉందో కూడా గమనించండి. డబ్బా మీద రాసే వెడల్పు ఈ అంచు నుంచి ఆ అంచుకు తీసిన లెక్క. అంచులు కిందికి బాగా వాలిపోయిన సీటైతే 150 అని రాసినా ఎముకలకు ఆనుకునే చోటు అంతకన్నా చాలా తక్కువ.

జెల్ సీటు, గట్టి సీటు

మార్కెట్లో కంఫర్ట్ పేరుతో అమ్మే జెల్ సీట్లు చాలావరకు 180 మి.మీ. పైనే, కొన్ని 200 దాటతాయి. కింద స్ప్రింగులు కూడా ఉంటాయి. హ్యాండిల్ ఎత్తుగా ఉండి, వీపు నిటారుగా పెట్టి, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బజారు పనులు చూసుకునే మనిషికి ఇదే సరైనది. బరువంతా వెనక్కి పడుతుంది కాబట్టి ఆ వెడల్పు పనికొస్తుంది. ప్రయాణం ఇరవై నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఫోమ్ ఉబికే ఇబ్బంది తెలియదు. ప్రత్యేకమైన షార్ట్స్ అక్కర్లేదు, లుంగీతోనైనా ప్యాంటుతోనైనా ఎక్కేయొచ్చు. ఇలాంటివాళ్లను గట్టి సీటు కొనమని ఒత్తిడి చేయడం తప్పు.

మౌంటెన్ బైక్‌ను దాని పనికి వాడేవాళ్లకు మాత్రం ఈ సీటు మూడుచోట్ల అడ్డం వస్తుంది. మొదటిది తొడలు. నిమిషానికి డెబ్బై ఎనభైసార్లు పెడల్ తిరిగేటప్పుడు వెడల్పాటి సీటు అంచు ప్రతిసారీ తొడ లోపలివైపు ఒరుసుకుంటుంది. మన తీరంలో చెమట ఆరదు. తడి, ఉప్పు, రాపిడి కలిస్తే పది కిలోమీటర్లకే చర్మం ఎర్రబడుతుంది. రెండోది ఎక్కుడు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ముందు చక్రం లేవకుండా ఒంటిని ముందుకు జరిపి సీటు ముక్కు మీదికి వస్తాం. ఆ ముక్కు లావుగా, మెత్తగా ఉంటే అంత సున్నితమైన చోట బరువు మోపడానికి గట్టి ఆధారం దొరకదు, పైగా స్ప్రింగులు ప్రతి తొక్కుకూ ఊగి కాలి బలాన్ని కొంత మింగేస్తాయి. మూడోది దిగుడు, ప్రమాదం ఉన్నది ఇక్కడే. రాళ్లదారిలో దిగేటప్పుడు పెడల్స్ మీద నిలబడి నడుమును సీటు వెనక్కి తీసుకెళ్లాలి. మళ్లీ ముందుకు వచ్చేటప్పుడు వెడల్పాటి సీటు వెనక అంచు షార్ట్స్‌నో తొడనో పట్టేస్తే బ్యాలెన్స్ పోతుంది.

గట్టి సీటు అంటే చెక్కలాంటిదని అనుకోవద్దు. పైన పల్చటి, బిగువైన ఫోమ్, దాని కింద కొద్దిగా వంగే ప్లాస్టిక్ పెంకు, నడిమధ్య పొడుగునా గాడి గానీ పూర్తిగా కోసిన ఖాళీ గానీ ఉంటుంది. ఎముకలు బిగువైన ఫోమ్ మీద నిలుస్తాయి, నరాలున్న చోట గాడి వస్తుంది. పలాస, మందస వైపు జీడితోటల మధ్య మట్టిదారుల్లో గానీ, తాటిపూడి పరిసరాల ఎగుడుదిగుళ్లలో గానీ రెండు మూడు గంటలు తిరిగేవాళ్లకు ఇదే మేలు. గాడికీ పూర్తి ఖాళీకీ మధ్య మన వైపు గాడే నయం. వానలో పూర్తి ఖాళీలోంచి వెనక చక్రం చిమ్మే బురదనీళ్లు నేరుగా పైకి వస్తాయి. పైగా ఆ ఖాళీ అంచులు పదునుగా ఉంటే కొందరికి అవే ఒత్తుకుంటాయి.

షాపులో ఫోమ్‌ను పరీక్షించడానికి బొటనవేలితో సీటు వెనకభాగాన్ని గట్టిగా నొక్కండి. కొద్దిగా దిగి ఎదురు తన్నితే మంచిది. వేలు నేరుగా అడుగు పెంకుకు తగిలితే ఆ ఫోమ్ కొన్ని నెలలకే అణిగిపోతుంది, అప్పుడది మెత్తటి సీటూ కాదు, గట్టి సీటూ కాదు. కుట్లు కూర్చునేచోట కాకుండా పక్కలకు ఉన్న సీటు తీసుకోండి. కుట్ల రంధ్రాల్లోంచి వాననీళ్లు ఫోమ్‌లోకి దిగితే ఎండడానికి రోజులు పడుతుంది.

గట్టి సీటుకు ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ తోడు కావాలి. లోపల డ్రాయరు వేసుకోకూడదు. దాని కుట్లే ప్యాడ్‌కూ చర్మానికీ మధ్య నలిగి పుండు చేస్తాయి. ప్రతి ప్రయాణం తర్వాత ఉతికి ఎండలో ఆరేయాలి.

తోలు సీటు, కవరు, స్ప్రింగు రాడ్డు

తోలు సీటుకు మంచి పేరుంది. 1866లో బర్మింగ్‌హామ్‌లో గుర్రపు జీను సామానుతో మొదలైన బ్రూక్స్ కంపెనీ 1882లో సైకిల్ సీటుకు పేటెంటు తీసుకుంది. వాళ్ల బీ17 ఇప్పటికీ దూరప్రయాణాలవాళ్లకు ఇష్టమైన సీటు. ఇందులో ఫోమ్ ఉండదు. రెండు చివర్ల మధ్య సాగదీసి కట్టిన మందపాటి తోలు కొన్ని వందల కిలోమీటర్లకు కూర్చునే మనిషి ఎముకల ఆకారానికి ఒదుగుతుంది. పొడి వాతావరణంలో దీనికి సాటి లేదు. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, మిగతా రోజుల్లో సముద్రపు ఉక్క. తడిసిన తోలు మీద కూర్చుంటే అది సాగి ఊయలలా జారుతుంది. ముక్కు కింది బోల్టు బిగించి కొంతవరకే సరిచేయగలం. మూల పెడితే బూజు పడుతుంది. పైగా బరువు అరకిలో పైనే. తోలుకు మైనం పూయడాలూ వానకు కవరు తొడగడాలూ శ్రద్ధగా చేసే ఓపికుంటే సరే, లేకపోతే మౌంటెన్ బైక్‌కు దీన్ని సిఫారసు చేయలేం. తోలులాంటి సాగుడు కావాలనుకునేవాళ్లు అదే కంపెనీ రబ్బరుతో చేసే కేంబియం రకం చూడొచ్చు, నీటికి చెడదు.

మూడు నాలుగు వందలకు దొరికే జెల్ కవరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోమ్ ఉబుకుతుందన్న సమస్యను అది రెట్టింపు చేస్తుంది, తాడు వదులై మలుపుల్లో పక్కకు జారుతుంది. వానలో తడిసిన కవరు సాయంత్రం దాకా ఆరదు.

సీటు కింద స్ప్రింగున్న రాడ్డు సంగతి వేరు. వెనక సస్పెన్షన్ లేని సైకిళ్లకు 40, 50 మి.మీ. దాకా ఆడే ఈ రాడ్డు గతుకుల దెబ్బను నిజంగానే తగ్గిస్తుంది, నడుంనొప్పి ఉన్నవాళ్లకు ఉపయోగం. కొనేముందు మీ రాడ్డు మీద చెక్కిన వ్యాసం అంకె చూసుకోండి. 27.2, 30.9, 31.6 లాంటి కొలతల్లో అర మిల్లీమీటరు తేడా వచ్చినా పట్టదు. అయితే దానికన్నా ముందు టైర్లలో గాలి చూడాలి. షాపుల్లో మౌంటెన్ బైక్ టైరుకు కూడా రాయిలా గాలి కొట్టేస్తారు. 2.1 అంగుళాల టైరు మీద 65, 70 కిలోల మనిషికి గతుకుల దారిలో 30 నుంచి 35 పీఎస్‌ఐ సరిపోతుంది. టైరు పక్కన రాసిన కనీస అంకెకన్నా తగ్గితే రాయి తగిలి ట్యూబు నొక్కుకుని పంక్చరవుతుంది. చాలామంది సీటు మీదకు నెట్టే నేరంలో సగం గాలిదే.

బిగింపు

సీటు మార్చేముందు పాత సీటునే సరిగా పెట్టి వారం తొక్కి చూడటం మంచిది. మన దగ్గర ఎక్కువగా కనబడే తప్పు, రెండు కాళ్లూ నేలకు ఆనేలా సీటును కిందికి దించేయడం. అప్పుడు కాళ్లు పెడల్ మీద బరువు మోయవు, అదంతా సీటు మీదే పడుతుంది, మోకాలి చిప్ప ముందువైపు నొప్పి కూడా వస్తుంది. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అన్నిటికన్నా కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా సాగాలి. లెక్కగా కావాలంటే చెప్పుల్లేకుండా కాళ్లమధ్య నుంచి నేలకు కొలిచి 0.883తో హెచ్చించండి. 78 సెం.మీ. అయితే దాదాపు 69 సెం.మీ. పెడల్ కొయ్యలు (క్రాంకులు) రెండూ బిగించి ఉండే ఫ్రేములోని ఇరుసు నడిమధ్య నుంచి సీటు పైకి, సీటు రాడ్డు వెంట అంత ఎత్తు ఉండాలి. రాళ్లదారుల్లో ఎక్కువ తిరిగేవాళ్లు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించుకోవచ్చు. మరీ ఎత్తయితే నడుము అటూఇటూ ఊగి ఒకవైపే చర్మం ఒరుస్తుంది. రాడ్డు కనీసం ఎంత లోపలికి దిగాలో చూపే గీత దాని మీద ఉంటుంది, అది ఫ్రేము లోపలే ఉండాలి. గీత బయటికి కనబడితే రాడ్డు వంగుతుంది, ఫ్రేము కూడా చీలొచ్చు.

వాలు చూడటానికి తాపీమేస్త్రి రసమట్టం ఉంటే సీటు మీద పెట్టండి, ఫోనులోని లెవెల్ కూడా చాలు. సమంగానో, ముక్కు రెండు మూడు డిగ్రీలు కిందికో ఉండాలి. ముక్కు పైకుంటే తిమ్మిరి. మరీ కిందికుంటే ముందుకు జారి బరువు చేతుల మీద పడుతుంది, అరచేతులు మొద్దుబారుతాయి. ముందు వెనకల కోసం పెడల్ కొయ్యను నేలకు సమాంతరంగా ఉంచి, ముందున్న మోకాలి చిప్ప నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీయండి. అది పెడల్ ఇరుసు దగ్గరికి రావాలి.

తక్కువ ధర సైకిళ్లలో సీటును రాడ్డుకు పట్టే క్లిప్పు పళ్ల చక్రాలతో ఉంటుంది. 13 లేదా 14 నంబరు పానాతో రెండువైపుల నట్లూ సమంగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే పళ్లు సగం పట్టి, మొదటి పెద్ద గుంతలోనే ముక్కు పైకి లేస్తుంది. పళ్లు ఒకసారి అరిగాయంటే ఎంత బిగించినా నిలవవు, క్లిప్పు మార్చడమే దారి. ఆ క్లిప్పును రాడ్డు ముందుకు తిప్పి పెట్టారా, వెనక్కి పెట్టారా అన్నదాన్ని బట్టే సీటు కొన్ని సెంటీమీటర్లు మారిపోతుంది కాబట్టి, విప్పేముందు ఫోటో తీసుకోండి. ఖరీదైన సీటు కొంటే కింది కడ్డీలు చూడండి. మామూలువి 7 మి.మీ. గుండ్రటివి. కార్బన్‌వి 7 బై 9 మి.మీ. కోడిగుడ్డు ఆకారంవి, మామూలు క్లాంపులో బిగిస్తే చీలిపోతాయి.

ఒకసారి ఒక్క మార్పే చేయండి, అదీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా. మార్చేముందు రాడ్డుకు ఇన్సులేషన్ టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకుంటే పాత ఎత్తుకు తిరిగి రావచ్చు. కొత్త గట్టి సీటు మీద మొదటి వారం, పది రోజులు ఎముకల దగ్గర నలిగినట్టు నొప్పి సహజం, అది తగ్గుతూ పోవాలి. తిమ్మిరి మాత్రం మొదటి రోజైనా సహజం కాదు. తొక్కుతుండగా వస్తే వెంటనే నిలబడి తొక్కి, ఆగిన చోటే ముక్కును ఒక డిగ్రీ దించండి. దిగి కొన్ని గంటలైనా స్పర్శ తిరిగి రాకపోతే ఆ సీటు మీద మళ్లీ ఎక్కకుండా డాక్టరుకు చూపించుకోవాలి.