కోటిపల్లి స్టేషన్: పదహారేళ్లు వాడాక నా అభిప్రాయం

నా పుట్టిల్లు ముక్తేశ్వరం, అత్తారిల్లు కాకినాడ. మధ్యలో గౌతమి గోదావరి. ముక్తేశ్వరానికి ఎదురుగా, కాకినాడ వైపు ఒడ్డున ఉంటుంది కోటిపల్లి. అందుకే 2004లో కాకినాడ నుంచి కోటిపల్లికి మళ్లీ రైలు పడిందని తెలియగానే అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే అనుకుంటాను. అప్పటి నుంచి 2020 మార్చిలో రైళ్లన్నీ ఆగిపోయేదాకా నెలకోసారైనా ఆ స్టేషన్‌లో దిగాను. పండక్కి దిగాను, పురుడికి దిగాను, తాతయ్య పోయినప్పుడు ఏడుస్తూ దిగాను. కాబట్టి ఒకసారి చూసొచ్చి రాసే రివ్యూ కాదిది.

ముందు కథ చెప్పాలి, ఎందుకంటే కథ తెలియకపోతే ఆ స్టేషన్ ఊరి చివర ఉన్న ఒక చిన్న బిల్డింగు, అంతే. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి మొదట లైను వేసింది 1928లో, దాదాపు 45 కిలోమీటర్లు. పన్నెండేళ్లు నడిచింది. 1940లో, రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకి పట్టుకుపోయారు. మా తాతయ్యకి అప్పుడు పదకొండేళ్లో పన్నెండేళ్లో. ఎక్కడో యుద్ధం జరుగుతుంటే మన ఊరి పట్టాలు ఎందుకు పీకుతున్నారో ఎవరికీ అర్థం కాలేదని, పట్టాలు పోయాక పిల్లలందరూ ఆ కట్ట మీద కూతపెట్టుకుంటూ రైలాట ఆడుకునేవారని చెప్పేవాడు. మళ్లీ రైలు రావడానికి 64 ఏళ్లు పట్టింది! లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి గారు ఈ లైను కోసం, కోనసీమకు రైలు కోసం గట్టిగా పట్టుబట్టారు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. కోటిపల్లికి రైలొచ్చే నాటికి ఆయన లేరు, మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని బాధపడతారు.

మొదటిసారి తాతయ్యని రైలెక్కించింది నేనే. వచ్చింది రైల్‌బస్సు. పట్టాల మీద నడిచే ఒకే ఒక్క పెట్టె, లోపల బస్సులో కూర్చున్నట్టే ఉంటుంది. తాతయ్య గొడుగు చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూసి, “ఏంటమ్మా, ఒక్క పెట్టేనా? మిగతావి వెనకాల వస్తున్నాయా?” అన్నాడు. ఒక్కటే తాతయ్యా అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ద్రాక్షారామం దాకా ఒక్క క్షణం లోపలికి తల తిప్పలేదు. గుడి గోపురం కనపడగానే చేతులు జోడించి, “చిన్నప్పుడూ ఇటువైపే కనపడేది” అన్నాడు. ఆ ఒక్క ప్రయాణానికే ఈ లైనుకి నేను ఎన్ని మార్కులైనా వేస్తాను.

ఇక వాడకం సంగతి. వేగం తక్కువ, చాలా తక్కువ. 45 కిలోమీటర్లకి రెండు గంటల పైనే పట్టేది. కారణం కళ్లారా చూశాను కాబట్టి నాకు విసుగు రాలేదు. దారిలో గేట్లు చాలా ఉంటాయి, ఒక్కో గేటు దగ్గరా మనిషిని పెట్టేంత రైళ్లు ఆ లైనులో లేవు. అందుకని గేటు వేసే మనిషి రైల్లోనే వచ్చేవాడు. గేటుకి ముందు బండి ఆగుతుంది, ఆయన దిగి రోడ్డుకి రెండు వైపులా గేటు వేస్తాడు, బండి దాటి మళ్లీ ఆగుతుంది, ఆయన గేటు తీసి పరుగున వచ్చి ఎక్కుతాడు. రోడ్డు మీద సైకిళ్లు, కొబ్బరికాయల ట్రాక్టరు, స్కూలు పిల్లలు అంతా ఆగి చూస్తుంటారు. మా అబ్బాయి చిన్నప్పుడు ఆయన ఎక్కేదాకా తలుపు దగ్గరే నిలబడేవాడు, ఆయన్ని వదిలేసి బండి వెళ్లిపోతుందేమోనని వాడికి టెన్షన్.

టికెట్టు బస్సు కంటే తక్కువ ఉండేది. పూలబుట్టలు, కూరగాయల సంచులు పట్టుకుని వెళ్లేవాళ్లకి, ద్రాక్షారామం వెళ్లే ముసలివాళ్లకి అదే పెద్ద ఉపకారం. చివరి ఏళ్లలో రోజుకి ఒక్క ట్రిప్పే నడిచేది కాబట్టి తప్పిపోతే అంతే సంగతులు. ఒక జనవరిలో పొగమంచుకి ముక్తేశ్వరం రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, కదల్లేదు. అవతలి ఒడ్డు కూడా కనపడటం లేదు. చంటిపిల్లతో రేవులో కూర్చున్నాను. చివరికి కోటిపల్లి ఒడ్డుకి వచ్చి స్టేషన్‌కి పరిగెత్తాను. అరుగు మీద కూర్చున్న పెద్దావిడని “రైలు వచ్చిందా అండీ?” అని అడిగితే, “ఆయ్, వచ్చి వెళ్లిపోయిందమ్మా, నువ్వు ముందు కాసిని నీళ్లు తాగు” అని చెంబు చేతికిచ్చింది. అక్కడే కాసేపు కూర్చుని రామచంద్రపురం మీదుగా బస్సులో వెళ్లాను.

ఈ స్టేషన్‌లో జనం ఎందుకు పెరగలేదని చాలామంది అడుగుతారు. రైలు ఖాళీగా తిరుగుతోంది, దండగ అన్నవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. 2002లోనే యానాం ఎదురులంక మధ్య రోడ్డు వంతెన వచ్చింది, దానికి బాలయోగి గారి పేరే పెట్టారు. దాంతో అమలాపురం వాళ్లు నది దగ్గర దిగకుండానే కాకినాడకి బస్సులో వెళ్లిపోవడం మొదలుపెట్టారు. రెండేళ్ల తర్వాత రైలొచ్చింది కానీ ఏటి ఒడ్డుకి వచ్చి ఆగిపోయింది. దిగాలి, రేవుకి వెళ్లాలి, పంటు ఎక్కాలి, అవతల మళ్లీ ఆటో చూసుకోవాలి. సామాన్లు ఉన్నవాళ్లు ఎందుకు వస్తారు చెప్పండి? కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైనుకి 2000-01లోనే మంజూరు వచ్చింది. దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలు దాటాలి. గౌతమిలో స్తంభాలు లేచాయి కూడా. పంటులో వెళ్తూ వాటి పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లానో! ఆ వంతెన మీద రైలు నడిచిననాడు కోటిపల్లిలో జనం ఉన్నారో లేదో లెక్క చూడండి. సగం దారికి వేసిన రైలుని చూపించి జనం ఎక్కడం లేదనడం న్యాయం కాదు.

అసలు జనం లేరన్న మాట కూడా కార్తీకమాసంలో వచ్చినవాళ్లు అనరు. సోమవారం తెల్లవారుజామున కోటిపల్లి రేవులో స్నానం చేసి, సోమేశ్వరుడి గుడిలో దీపం పెట్టి, ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ని చూసుకుని ఇంటికెళ్లడం మా వైపు తరతరాల అలవాటు. రెండు గుళ్లకీ రెండు స్టేషన్లు ఈ లైనులోనే ఉన్నాయి. శివరాత్రికైతే ఊళ్లో కాలు పెట్టే చోటుండదు.

2020లో ఆగిన బండి మళ్లీ మొదలవలేదు కాబట్టి ఇప్పుడు పుట్టింటికి యానాం వైపు నుంచి బస్సులోనే వెళ్తున్నాను. ప్రయాణం త్వరగానే అవుతుంది, కానీ ద్రాక్షారామం గోపురం కనపడదు, వాకిట్లో దిగేముందు పంటు మీద వచ్చే గోదారి గాలి ఉండదు. పోయినసారి మాత్రం పని కట్టుకుని కోటిపల్లి వెళ్లాను. తాతయ్య గొడుగు పట్టుకుని నిలబడిన చోట కాసేపు నిలబడి రేవుకి నడిచాను. కనీసం కార్తీక సోమవారాలకి, శివరాత్రికి ఒక్క పెట్టెతోనైనా బండి నడిపితే మొదటి టికెట్టు నేనే కొంటాను.