పెడన గుడ్డ చూసి సర్దుకున్న ఇల్లు: ఆరేళ్ల తర్వాత

మా హాలు కిటికీకి వేసిన కలంకారీ కర్టెన్లకు ఈ వేసవితో ఆరేళ్లు నిండాయి. ఎండ నేరుగా తగిలే కుడివైపు తెరలో ఎరుపు కాస్త వెలిసి ఇటుక రంగుకు దిగింది. పక్క అపార్ట్‌మెంట్ నీడ పడే ఎడమవైపు తెర దాదాపు కొన్ననాటిలాగే ఉంది. నలుపు మాత్రం రెండింటిలోనూ చెక్కుచెదరలేదు. ఇల్లు సర్దుకోవడానికి ఐడియాలు ఎక్కడ దొరుకుతాయని మా చెల్లెళ్లు, ఆఫీసులో వాళ్లు తరచూ అడుగుతుంటారు. నాకు కలిసొచ్చింది ఈ గుడ్డే కాబట్టి దాని మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

2018లో మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులోకి వచ్చాం. దానికి ముందు మూడు నెలలు రోజూ రాత్రి ఫోన్‌లో గదుల ఫొటోలు చూసేదాన్ని. నాలుగు వందలకు పైగా దాచిపెట్టుకున్నాను. దేనికదే బాగుండేది. కానీ ఆ గదులకు గోడంత కిటికీలు, చల్లని దేశాల తెల్లటి వెలుతురు. మా హాలుకు ఉన్నది పడమటి కిటికీ ఒక్కటే. మధ్యాహ్నం దాకా మసక, మూడు దాటితే కళ్లు చెదిరే ఎండ. ఒక ఫొటోలో చూసి ముచ్చటపడిన లేత బూడిద రంగు గోడలకు వేయించాను. పొద్దున పూట హాలు ముసురు పట్టిన రోజులా కనిపించేది. "ఇంట్లో ఎప్పుడూ దీపాలు పెట్టే వేళలాగే ఉందమ్మా" అన్నారు మా అత్తయ్య. ఆవిడ అన్నది నిజమే. పెయింట్‌కు పెట్టిన డబ్బు పోయిందన్న బాధ కంటే, సొంత ఇంట్లో కాసేపు కూర్చోవాలనిపించకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మరుసటి సంక్రాంతికి మచిలీపట్నంలో చుట్టాలింటికి వెళ్లినప్పుడు, దగ్గరే కదా అని కలంకారీ గుడ్డ అద్దే పెడన వెళ్లాం. పొడవాటి బల్లల మీద గుడ్డ పరిచి, టేకు అచ్చులతో ఒక్కో రంగూ వేస్తున్నారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ అది. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదని చెప్పారు. నలుపు పాత ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ల నుంచి వస్తుంది. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక అచ్చు వేస్తారు. అప్పుడు కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. రంగునీళ్లలో ఉడికించాకే, పటిక ఉన్నంత మేరా ఎరుపు పట్టుకుంటుంది. నేను గంటసేపు అక్కడే నిలబడిపోయాను.

గుడ్డ కొనేటప్పుడు అక్కడ పనిచేసే ఒక పెద్దాయన, "వెంటనే కుట్టించెయ్యకండమ్మా, నాలుగు రోజులు గోడకు తగిలించి చూడండి" అన్నారు. ఈ ఆరేళ్లలో నేను విన్న సలహాల్లో అన్నిటికంటే విలువైనది అదే. నేను రెండు వారాలు తగిలించాను. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఎండలో, రాత్రి ట్యూబ్‌లైట్ కింద, పసుపు బల్బు కింద చూశాను. ఉన్నవి ఐదు రంగులే: కోరా (చలవ చెయ్యని నూలుగుడ్డ రంగు), నలుపు, ఎరుపు, ఆవపొడి పసుపు, కొద్దిగా నీలిమందు నీలం. మా వెలుతురులో ఏ వేళ చూసినా అవి ఒకదానితో ఒకటి గొడవపడలేదు.

అప్పుడు తట్టింది, గుడ్డలో ఏ రంగు ఎంతుందో గదిలోనూ అంతే ఉంచితే సరిపోతుందని. గుడ్డలో ఎక్కువ చోటు కోరాది కాబట్టి గోడలన్నిటికీ ఆ రంగే వేయించాను. నలుపు గీతల్లోనే ఉంది కాబట్టి కిటికీ గ్రిల్లుకు, ఫొటో ఫ్రేములకు నలుపు. ఎరుపు పువ్వుల వరకే ఉంది కాబట్టి దివాన్ మీది దిండ్లకు, ఒక కుర్చీకి మాత్రమే ఎరుపు. పసుపు స్థానంలో అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె, కుందులు వచ్చాయి. నీలం మొత్తం హాలులో ఒక్క జాడీయే. పని పూర్తయిన రోజు ఆ ఎర్రటి కుర్చీలో కూర్చుంటే కోనసీమలో అమ్మమ్మగారి మండువా ఇల్లు గుర్తొచ్చింది. ఎర్రగచ్చు నేల, సున్నం గోడలు, నల్లబడిన టేకు స్తంభాలు. చిన్నప్పటి నుంచి నా కంటికి అలవాటైన రంగులే ఇవన్నీ. నాలుగు వందల ఫొటోల్లో నేను వెతికింది ఇదేనేమో!

ఇక వాడకం సంగతి. మొదటి రెండు ఉతుకుల్లో నీళ్లు గోధుమ రంగులో దిగాయి, అందుకే విడిగా ఉతకాలి. కుంకుడురసం, చల్లనీళ్లు, నీడలో ఆరేయడం. మెషీన్‌లో ఇంతవరకూ వెయ్యలేదు. నేను చేసిన తప్పు లైనింగ్ వేయించకపోవడం. వెనక తెల్ల కాటన్ గుడ్డ మొదటి రోజే ఉండి ఉంటే కుడి తెర వెలిసేది కాదు. మూడో ఏడు వేయించాక వెలవడం బాగా తగ్గింది. ఖర్చు రెడీమేడ్ కర్టెన్ల కంటే ఎక్కువే, కుట్టుకూలీ అదనం.

పడగ్గదికి కలంకారీ అని చెప్పి అమ్మిన కర్టెన్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మోసపోయాను. అచ్చులతో చేత్తో అద్దింది కాదు, స్క్రీన్ ప్రింట్ అది. వెనక వైపు తెల్లగా ఉంది, ప్రతి పువ్వూ ఏమాత్రం తేడా లేకుండా ఒకేలా ఉంది. చేత్తో అద్దిన గుడ్డలో అచ్చూ అచ్చూ కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. కొనే ముందు తిరగేసి చూడండి.

మిగతా గదుల్లోనూ ఇదే పద్ధతి. మా పడగ్గది పోచంపల్లి ఇక్కత్ దుప్పటి చూసి సర్దింది. నేయక ముందే నూలుకు ముడులు వేసి రంగు అద్దుతారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. వారానికోసారి తిప్పి పరుస్తాను, అరుగుదల సమానంగా ఉంది. దాని గురించి ఫిర్యాదేమీ లేదు.

నిమ్మలకుంట తోలుబొమ్మల ల్యాంపు శిల్పారామంలో కొన్నాం. మేకతోలును వెలుతురు కనిపించేంత పల్చగా గీకి, సన్నటి రంధ్రాలు కొట్టి రంగులు వేస్తారు. వెలిగిస్తే గోడ మీద చుక్కల ముగ్గు పరిచినట్టుంటుంది. దానిలో మామూలు వేడి బల్బు పెట్టి నెల తిరక్కుండానే ఒక అంచు వంకరపోయేలా చేశాను. 5 వాట్ల ఎల్ఈడీ పెట్టాక మళ్లీ ఏ ఇబ్బందీ లేదు. వానాకాలం తోలు కాస్త మెత్తబడుతుంది, బాల్కనీ దగ్గర పెట్టకండి. ఏటికొప్పాక లక్కబొమ్మలను ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టి వాటి మెరుపు కూడా పోగొట్టాను. అంకుడు కర్రకు ఏమీ కాలేదు కానీ లక్క రంగు పాలిపోయింది. వాటి చోటు లోపలి అర మీదే.

ఒక దశలో ఉత్సాహం ఆగక కొండపల్లి దశావతారాలు, చేర్యాల మాస్కులు, నిర్మల్ పటం అన్నీ హాల్లోనే పెట్టేశాను. ఒక్కొక్కటీ చక్కనిదే. అన్నీ కలిసేసరికి ఎంపోరియంలో కూర్చున్నట్టు అనిపించి, కన్ను ఎక్కడా ఆగేది కాదు. సగానికి పైగా తీసి పెట్టెలో దాచి, పండగకొకటి చొప్పున మారుస్తున్నాను. ఏటా ఇంటి రూపమే మార్చుకోవాలనుకునే వాళ్లకు మాత్రం ఈ పద్ధతి కుదరదు. గోడలు, దిండ్లు, కుర్చీ అన్నీ ఒక్క గుడ్డకు ముడిపడి ఉంటాయి కాబట్టి, కర్టెన్ మార్చాలంటే గదంతా మళ్లీ ఆలోచించాలి.

ఇప్పుడు బాబు గది వంతు. వాడికి తొమ్మిదేళ్లు. చేర్యాల పటంలో వెనక ఉండే ఎరుపు చూసి నాలుగు గోడలకూ అదే కావాలని పట్టుబట్టాడు. కాదనకుండా పటం వాడి మంచం ఎదురుగా తగిలించాను. లేవగానే ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి, లైటు వేశాక ఒకసారి చూసి ఎలా ఉందో నాకు చెప్పాలన్నాను. పది రోజులయింది. నిన్న రాత్రి దుప్పటి కప్పుకుంటూ, "అల్మరా తలుపుకు వేస్తే చాలమ్మా ఎరుపు" అన్నాడు.