ఈ ప్లాస్టిక్ తీగే సగం ఫిల్టర్: 25 మీటర్ల ఫైబర్ చుట్ట మీద నా రివ్యూ

ఒకే ఫైబర్‌లో నీలం, ఎరుపు సిగ్నళ్లు రెండూ పంపి అవతలి కొసన విడదీద్దామని 1 మిల్లీమీటరు ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్ చుట్ట ఒకటి తెప్పించాను. ఖరీదైన గాజు ఫిల్టర్ల జోలికి పోకుండా రంగు ఫిల్ములతోనే పని కానివ్వాలని నా పట్టుదల. మూడు వారాలు వాడాక రాస్తున్నాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. చుట్ట లోపలి కొసని మరీ బిగించి మడిచేశారు. నల్ల తొడుగు ఒలిచి చూస్తే అక్కడ ఫైబర్ మీద తెల్లటి గీత. జానెడు ముక్క కోసి పారేశాను. ఇచ్చిన డేటాషీట్‌లో వెలుగు నష్టం 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (అంటే ఎరుపు) దగ్గర ఎంతో మాత్రమే ఉంది. మరి మిగతా రంగుల మాటేమిటి?

ఆ మాట నాకు ఎర్ర ఎల్‌ఈడీ చెప్పింది. డబ్బాలో పడి ఉన్న మామూలు ఎర్రది పెడితే, మీటరు ముక్కలో బ్రహ్మాండంగా వెలిగింది కాస్తా, చుట్టంతా దాటేసరికి మినుకుమినుకుమంది. కొస నేనే పాడుచేశానేమోనని మూడుసార్లు అరగదీశాను. తీరా చూస్తే ఆ ఎల్‌ఈడీ 630 నానోమీటర్లది. ఈ ఫైబర్ లోపలిది అక్రిలిక్. అందులోని కార్బన్-హైడ్రోజన్ బంధాలు సరిగ్గా 627 చుట్టుపక్కల వెలుగుని మింగేస్తాయి. 650ది మార్చగానే ప్రాణం లేచొచ్చింది. 20 నానోమీటర్లకే ఇంత తేడా! తెల్ల ఎల్‌ఈడీ పెడితే అవతల లేత ఆకుపచ్చగా దిగింది. టీవీ రిమోట్ నొక్కి అవతలి కొసని ఫోన్ కెమెరాలో చూస్తే చీకటే. అంటే ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపడానికి విడిగా ఫిల్టర్ కొనక్కర్లేదు, తీగ పొడవే ఆ పని చేసిపెడుతోంది. ప్యాకెట్ మీద ఈ ముక్క రాయలేదు గానీ, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇక విడదీయడం. కొసకి ఎదురుగా రెండు ఫొటోడయోడ్లు (వెలుగుని పసిగట్టే సెన్సర్లు) పక్కపక్కన పెట్టి, స్టేజీ లైట్లకి వాడే రంగు జెల్ షీట్‌ని కాగితాల పంచింగ్ మిషన్‌తో బిళ్లలు కొట్టి అంటించాను. ఎర్ర బిళ్ల నీలాన్ని చక్కగా ఆపింది. నీలం బిళ్ల మాత్రం ఎరుపుని కాస్త వదిలేస్తోంది. రెండు పొరలు వేస్తే అది తగ్గింది, దాంతోపాటు నీలమూ మందగించింది. ఎప్పటినుంచో దాచుకున్న డైక్రోయిక్ ముక్క (ఒక రంగుని దాటనిచ్చి మరోదాన్ని తిప్పికొట్టే గాజు ఫిల్టర్) ఒకటి ఉంటే దాన్నీ పెట్టి చూశాను. దండగ. ఈ ఫైబర్ నుంచి వెలుగు అన్ని వైపులా 30 డిగ్రీల దాకా విచ్చుకుని వస్తుంది. ఏటవాలుగా తగిలే కిరణాలకి ఆ ఫిల్టర్ రంగుల్ని విడదీసే హద్దు నీలం వైపు జరిగిపోతుంది, రంగులు కలగాపులగమవుతాయి. జెల్‌కి ఈ పేచీ చాలా తక్కువ. చవకదే గెలవడం నాకు భలే సరదాగా అనిపించింది.

కొసని కొత్త బ్లేడుతో కోసి, 600 నంబరు, తర్వాత 1500 నంబరు ఎమరీ పేపర్ మీద నీళ్లు చల్లి ఎనిమిది అంకెలా తిప్పుతూ రుద్దితే చాలు. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్‌తో మాత్రం తుడవకండి. నేను తుడిచాను. మెరిసే కొస కాస్తా సాలెగూడులా పగిలిపోయింది.

ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్కటీ చుట్టని బిగించినవాళ్ల ఖాతాలోకే.