పదకొండేళ్లుగా వాడుతున్న ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ: నా అనుభవం

ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే మొత్తం వర్తించే మా ఐదు లక్షల ఆరోగ్య బీమా 2014 నవంబరులో తీసుకున్నది. తొలి తొమ్మిదేళ్లూ దానితో పడ్డ పని ఒక్కటే: ఏటా ప్రీమియం కట్టడం, ఆ రసీదును ఆదాయపు పన్నులో 80డి సెక్షన్ మినహాయింపు కింద చూపించుకోవడం. అప్పట్లో ఎవరడిగినా కళ్లు మూసుకుని తీసుకోమనే చెప్పేవాణ్ని.

2024 ఆగస్టులో మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. హైదరాబాద్‌లోనే, బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి, అంటే బిల్లు కంపెనీయే నేరుగా కట్టేలా ఒప్పందం ఉన్నది. అడ్మిషన్ కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే అడిగింది: "క్యాషా సార్, ఇన్సూరెన్సా?" ఆ వెంటనే, "రూమ్ ఏది కావాలి?" నన్ను ముంచింది ఈ రెండో ప్రశ్న. మా పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000. రాత్రి తోడుండే మా అమ్మాయి పడుకోవడానికి సోఫా ఉందని 7,500 గది తీసుకున్నాం. రోజుకు 2,500 చొప్పున నాలుగు రోజులకు పదివేలు చేతి నుంచి పడుతుందిలే అనుకున్నాను.

లెక్క అలా ఉండదు. గది అద్దె పరిమితి దాటితే, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు. మందులు, పరీక్షల జోలికి మాత్రం రారు. మా బిల్లు 1,86,000. అందులో ఈ కోత పడే భాగం 1,20,000. 7,500 గదికి పరిమితి 5,000 కాబట్టి దానికి మూడింట రెండు వంతులే వచ్చింది. నలభై వేలు అక్కడే పోయాయి. గ్లౌజులు, మాస్కుల వంటివి 'చెల్లించనివి' అంటూ మరో 6,400. సోఫా ఖరీదు పదివేలు కాదు, నలభై వేలు!

డిశ్చార్జ్ రోజు సంగతి. డాక్టరు గారు ఉదయం తొమ్మిదిన్నరకే ఇంటికి వెళ్లవచ్చన్నారు. టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) డెస్క్ దగ్గర ప్రతి గంటకూ ఒకటే జవాబు: "అప్రూవల్ రాలేదు సార్." ఆసుపత్రి కోరిన మూడు గంటల్లో కంపెనీ డిశ్చార్జ్ అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన పెట్టింది. అది చూపించి గట్టిగా అడిగితే తేలిందేమిటంటే, ఆసుపత్రి తుది బిల్లును కంపెనీకి పంపిందే మధ్యాహ్నం ఒకటి దాటాక. కంపెనీ జవాబు నాలుగు లోపే వచ్చింది. అప్పటిదాకా నేను తిట్టుకున్నది కంపెనీని.

ఆసుపత్రిలో ఉండగా కంపెనీ నుంచి ఒక క్వెరీ, అంటే వివరణ అడుగుతూ ప్రశ్న, కూడా వచ్చింది. మా ఆవిడకు మధుమేహం బయటపడింది 2019లో. కేసు షీటులో జూనియర్ డాక్టరు "15 ఏళ్లుగా" అని రాసేశారు. అంటే పాలసీకి ముందు నుంచే ఉందని, మేం దాచామని అర్థం! వాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఐదేళ్లు నిండిన పాలసీలో మోసం రుజువైతే తప్ప ఆ కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదన్న నిబంధన ఉంది కాబట్టి గండం ఉండేది కాదేమో. అయినా పాత రిపోర్టు చూపించి, డాక్టరు గారితో సవరణ లేఖ రాయించేసరికి పూట గడిచిపోయింది. ఇప్పుడు అడ్మిషన్ నాడే ఆ కేసు షీటు అడిగి చదువుతున్నాను. "మీకెందుకు సార్" అంటారు, అననివ్వండి.

ఆసుపత్రిలో చేరడానికి ముందు చేయించిన పరీక్షలు, తరువాత వాడిన మందుల బిల్లులు విడిగా రీయింబర్స్‌మెంట్‌కు, అంటే ముందు మేం కట్టిన డబ్బు తిరిగి ఇమ్మని, పెట్టాను. 8,200కి 5,800 ఇచ్చారు. స్కానింగు రాసిన చీటీ పోగొట్టుకున్నాను, ఆ సొమ్ము రాలేదు. తప్పు నాదే.

ఇన్ని చెప్పినా పాలసీ మానలేదు. ఆసుపత్రి బిల్లులో 1,39,600 కంపెనీయే కట్టింది. అంత డబ్బు ఆ వారం నా దగ్గర లేదు. 2025 నవంబరు రెన్యువల్‌కు ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు, కంపెనీ ప్రీమియం పెంచింది, ఇంచుమించు చెల్లుకు చెల్లు. గది అద్దె పరిమితి లేని రకానికి మారాను. కొత్త పాలసీ కాగితాల్లో గది అద్దె పేజీని మాత్రం మా ఆవిడ రెండుసార్లు చదివి, మడత పెట్టి, మందుల డబ్బాలో దాచింది.