గట్టా, డ్రెయినా, పల్లమా? డెల్టా టౌనుకి ఏది మేలు?

దవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చు. టీవీలో అంకె పెరిగేకొద్దీ టెన్షనూ పెరుగుతుంది. అయితే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజుల్లో ఏటిగట్టు ఒక్కసారి కూడా తెగలేదు. అవి గోదారి నీళ్లు కావు. మా నెత్తిన పడ్డ వాన నీళ్లే, బయటికి పోయే దారి లేక ఉండిపోయాయి.

ముంపు పనులకు డబ్బు వచ్చినప్పుడు మున్సిపాలిటీ ముందు చూడాల్సింది ఇదే: మనల్ని ముంచుతున్నది ఏ నీరు? ఇది తేలకుండా ‘గట్టు మేలా, డ్రెయిను మేలా’ అని ఎంత వాదించుకున్నా లాభం లేదు.

గట్టు సంగతి ముందు చూద్దాం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. కింద డెల్టాలో గట్లకు గండ్లు పడ్డాయి. 2006లోనూ తెగాయి. ఆ తర్వాత గట్లను ఎత్తు పెంచి, పటిష్ఠం చేశారు. 2022 జూలైలో దవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినా ప్రధాన గట్లు చాలావరకు నిలబడ్డాయి, జనం రాత్రంతా ఇసుక బస్తాలు మోసిన చోట్లతో సహా. కాబట్టి గట్టు దండగ అనే మాట నేను అనను. గట్టు తెగితే మిగతా లెక్కలన్నీ అక్కడితో సరి.

కానీ గట్టు ఇంకా పెంచడమంటే పైన మట్టి పోస్తే అయిపోయే పని కాదు. రెండు వైపులా ఒకటికి రెండు వాలు (ఒక మీటరు ఎత్తుకి రెండు మీటర్ల వెడల్పు) ఉన్న గట్టుని ఒక మీటరు పెంచితే, అడుగున వెడల్పు నాలుగు మీటర్లు పెరుగుతుంది. ఆ నాలుగు మీటర్లు ఎవరి కొబ్బరితోటలోంచో, ఎవరి ఇంటి పెరట్లోంచో రావాలి. పైగా ఏటిగట్టు జలవనరుల శాఖది, మున్సిపాలిటీది కాదు. కౌన్సిల్లో ‘గట్టు ఎత్తు పెంచాలి’ అని తీర్మానం చేసి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ డబ్బు తాము తేనక్కర్లేదు కదా!

ఇక డ్రెయిన్లు. డెల్టాలో పంట కాలువ మెరక మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. ఇళ్ల నీరు, చేల నీరు, చెరువుల నీరు అన్నీ చేరేది ఆ పల్లానికే. భీమవరం మధ్యలోంచి పోయే యనమదుర్రు డ్రెయిన్ ఒడ్డున పది నిమిషాలు నిలబడితే విషయం అర్థమవుతుంది. గుర్రపుడెక్క పరుచుకుని ఉంటే నీరు కదులుతోందో లేదో కూడా కనబడదు. అడుగున పూడిక, ఒడ్డున ఆక్రమణలు. ఇవన్నీ బాగుచేసినా సముద్రం పోటు మీదున్నప్పుడు డ్రెయిన్ నీరు అందులోకి పోదు. అమావాస్య, పున్నమి పోట్లకి వాయుగుండం తోడైతే ఇక చెప్పక్కర్లేదు. నదిలో కలిసే డ్రెయిన్లది ఇంకో తిప్పలు. గోదారి పెరిగితే తూము తలుపులు దించేయాలి. లేకపోతే ఏటి నీరే ఊళ్లోకి ఎగదన్నుతుంది. తలుపు దించాక ఊళ్లో పడ్డ వాన ఊళ్లోనే.

ఒక ఏడాది మా వైపు తూము తలుపు తుప్పు పట్టి సగంలో ఆగిపోయింది. లస్కరు (కాలువలు, తూములు చూసుకునే ఉద్యోగి), నలుగురు కుర్రాళ్లు గునపాలతో కుస్తీ పట్టి దించేసరికి తెల్లారింది. గట్టు మీద లక్షలు పెట్టిన చోట, ఆ తలుపుకి ఏడాదికోసారి గ్రీజు పెట్టే నాథుడు లేడు.

తలుపు దించాక పంపులు పెడతాం అంటారు. పెట్టాలి, కానీ లెక్క తెలిసి పెట్టాలి. ఒక చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్ల వాన పడితే అది 10 కోట్ల లీటర్లు. సెకనుకి 150 లీటర్లు తోడే మోటారు ఒకటి పెడితే, కరెంటు పోకుండా రాత్రీ పగలూ నడిచినా, ఏడున్నర రోజులకు పైనే పడుతుంది. అందులో కొంత నేలలో ఇంకినా, డెల్టాలో వానాకాలం భూమికి దాహం ఎంతని!

అందుకే నా ఓటు మూడో దారికి ఎక్కువ. ఊరి చుట్టూ ఉన్న పల్లాన్ని పల్లంగానే ఉంచడం. ఒక ఎకరం పల్లాన్ని మూడడుగులు మెరక చేస్తే, దాదాపు 37 లక్షల లీటర్లు నిలిచే చోటు పోయినట్టు. లేఅవుట్ వేసినవాడు గ్రావెల్ తోలించుకుని తన ప్లాట్లు మెరక చేసుకుంటాడు. ఆ నీరు పక్క వీధిలో పాత పెంకుటింటి అరుగు ఎక్కుతుంది. ఆ ఇంటాయన కూడా మెరక తోలిస్తాడు. ఇలా ఊరంతా ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోవడమే. దీన్ని ఆపడానికి మట్టి, సిమెంటు ఏదీ అక్కర్లేదు, లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడు కాదనగలిగితే చాలు. ఖర్చు లేని పని గదా, కానీ కౌన్సిలర్లకి అన్నిటికంటే కష్టం ఇదే. డ్రెయిన్ తవ్వితే శిలాఫలకం ఉంటుంది, పల్లం వదిలేస్తే ఏముంటుంది?

నది మధ్యలో ఉండే లంకలకి ఈ పోలిక పనికిరాదు. అవి గట్టుకి అవతలే ఉన్నాయి. కనకాయలంక కాజ్‌వే వరద వస్తే మునగాల్సిందే. అక్కడ ఎత్తైన అరుగుల ఇళ్లు, పశువులకు మెరక దిబ్బ, సమయానికి పడవ, ఇవే ముఖ్యం. భద్రాచలంలో కనబడ్డ నీరు దవళేశ్వరానికి రావడానికి ఒక రోజు అటూఇటూగా పడుతుంది గనక, ఆ రోజుని వాడుకోవాలి.

టౌన్లకి మాత్రం నా వరస ఇది. గట్టు బలహీనంగా ఉన్న చోట్లు ముందు, ఎత్తు తర్వాత. తూము తలుపులు, డ్రెయిన్ పూడిక ఏటా మే నెలాఖరుకి. పల్లాల మీద కొత్త అనుమతులు బంద్. పంపులు చివర, అదీ డీజిల్ జనరేటరుతో కలిపి. ఈ వరస తప్పంటే నాతో ఒక పని చేయండి. రేపు వాన పడ్డాక మా వీధి చివర నుంచి డ్రెయిన్ వెంబడి తూము దాకా నడుద్దాం. ఎక్కడ నీరు ఆగిందో అక్కడ నిలబడి మాట్లాడుకుందాం.