విమానం ప్లాస్టిక్ మోడల్ కిట్లకు విడిగా కొనే డీటైల్ సెట్లు: ఏవి డబ్బుకు తగినవి, ఏవి దండగ

చక్రాలు, తుపాకీ గొట్టాలు, పిటాట్ ట్యూబు (గాలి వేగం కొలిచే సన్నటి గొట్టం), రంగు వేసేటప్పుడు అద్దానికి అంటించే మాస్కులు, బెల్టులతో సహా వచ్చే సీటు. ఈ ఐదింటికి పెట్టిన డబ్బు ఎన్నేళ్లయినా మోడల్ మీద కనిపిస్తూనే ఉంటుంది. మిగతా సరుకులో సగం కానొపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత) అంటించిన రోజే చీకట్లో కలిసిపోతుంది. 1/72 (అంటే నిజం విమానంలో 72వ వంతు), 1/48, 1/32 మూడు స్కేళ్లలోనూ అచ్చులో పోసిన రెసిన్, ఫోటో ఎచ్ (రసాయనంతో కొరికించి తీసిన పలచటి ఇత్తడి రేకు ముక్కలు), లేతు మీద తీసిన ఇత్తడి, త్రీడీ ప్రింట్ అన్నీ వాడాక కుదిరిన అభిప్రాయం ఇది.

ఫోటో ఎచ్‌లో అసలు చిక్కు మందం. రేకు 0.15 మి.మీ. ఉందనుకుంటే 1/48లో అది 7.2 మి.మీ.కి, 1/72లో దాదాపు 11 మి.మీ.కి సమానం. నిజం విమానంలో బెల్టు పట్టీ మందం రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. అందుకే ఇత్తడి బెల్టును ఉన్నదున్నట్టు సీటు మీద పరిస్తే బిగుసుకుపోయి కనిపిస్తుంది. ముందు పట్టకారుతో రెండు మూడు చోట్ల వంచి, సీటు అంచు మీదుగా జారినట్టు ఒంపు తిప్పి, ఆ తర్వాతే అంటించాలి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఎచింగ్‌లో వచ్చేదంతా చదునే. గ్రిల్లు, జాలీ, తలుపు లోపలి పక్కటెముకలు, బ్లేడ్ యాంటెన్నా లాంటివాటికి దీన్ని మించింది లేదు. థ్రాటిల్ లీవర్, ట్రిమ్ చక్రం, పైపులు మాత్రం కాగితం కత్తిరించి అంటించినట్టే ఉంటాయి. వాటికి కిట్‌లోని ప్లాస్టిక్కే నయం. సెట్‌లో ఉంది కదా అని ప్రతి ముక్కా వాడనక్కర్లేదు.

ఫ్రెట్ (ముక్కలన్నీ అతుక్కుని వచ్చే రేకు) నుంచి ముక్కను కోసేటప్పుడు కింద రబ్బరు కటింగ్ మ్యాట్ ఉంటే బ్లేడు నొక్కినప్పుడల్లా రేకు కిందికి వంగి అంచు మెలిక పడుతుంది. గాజు పలకో నున్నటి టైలో వేసుకుని, కొత్త బ్లేడుతో ఒక్క నొక్కులో కోస్తే ఆ గొడవ ఉండదు. కొసలు విరుగుతాయి కాబట్టి బ్లేడు నాలుగైదు ముక్కలకొకటి మార్చాల్సి వస్తుంది. మడత దగ్గర సగం కొరికిన గీత లోపలి వైపుకి ఉండాలి. తిరగేసి మడిస్తే ఒకటి రెండుసార్లకే తెగుతుంది. గుండ్రంగా చుట్టాల్సిన ముక్కల్ని మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా చూపించి చల్లారనిస్తే ఇత్తడి మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. రంగు అచ్చు వేసి వచ్చిన ముక్కలకు మాత్రం ఈ పని పెట్టకూడదు, రంగు మాడిపోతుంది.

అలా రంగు అచ్చుతో వచ్చే కాక్‌పిట్ డయళ్ల ప్యానెళ్ల సంగతికొస్తే, డయళ్ల గీతలు చేత్తో వేయలేనంత సన్నగా ఉంటాయి, నిజమే. ఇబ్బందల్లా ప్యానెల్ బూడిదరంగు మీ సీసాలోని బూడిదతో కలవదు. ప్యానెల్‌ను సరిచేయబోకుండా, కాక్‌పిట్ గోడలకు వేసే రంగునే ప్యానెల్‌కి దగ్గరగా కలుపుకోవడం మేలు. 1/32లో దగ్గర నుంచి చూస్తే అచ్చు చుక్కలు కూడా బయటపడతాయి. ఒక్కో డయల్‌లో టూత్‌పిక్ కొసతో మెరిసే (గ్లాసీ) వార్నిష్ చుక్క వేస్తే ఆ చుక్కలు కొంత సర్దుకుంటాయి, అద్దం ఉన్నట్టూ ఉంటుంది.

సూపర్ గ్లూ లాగితే పట్టుకుంటుంది, పక్క నుంచి తట్టితే వదిలేస్తుంది. బయట తగిలే చోట ఉండే ఎచ్ ముక్కలకు అంచు మీద మాత్రమే జిగురు పెట్టి ఊరుకుంటే అవి ఎప్పుడో ఒకప్పుడు రాలతాయి. చిన్న రంధ్రం తీసి ముక్క కాలు అందులో దింపాలి. ఇంకొకటి, ఆ జిగురు ఆవిరి మూసిన కానొపీ లోపల చేరితే అద్దం తెల్లబారుతుంది. కాక్‌పిట్‌లో సూపర్ గ్లూ వాడాక కనీసం ఒక రాత్రి ఆరనిచ్చి, కానొపీని పీవీఏతో (తెల్ల జిగురు) అంటించండి.

ఇత్తడి ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలక) సెట్ల గురించి ఒక్క మాట. ఒక్కో రెక్కకు పదుల కొద్దీ పక్కటెముకలు మడిచి నిలబెట్టాలి, రెక్క లోపల ప్లాస్టిక్ గోకి పలచన చేయాలి. పైగా స్పిట్‌ఫైర్ ఫ్లాప్స్ దించుకుని నేల మీద నిలబడ్డ ఫోటోలు అరుదు. దిగగానే పైకి ఎత్తేసేవారు.

రెసిన్ కాక్‌పిట్‌లో పోత నాణ్యత చూసి మురిసిపోయేది పెట్టె తెరిచిన రోజు. అసలు పరీక్ష అది ఫ్యూజలాజ్‌లో (విమానం మొండెం) ఇముడుతుందా లేదా అన్నది. నిజం విమానం గోడ రేకు మందమే ఉంటుంది, కిట్ గోడ మాత్రం మిల్లీమీటరు పైనే. ఆ లోపల రెసిన్ గోడ ఇంకో పొర. రెండూ కలిసి ఫ్యూజలాజ్‌ను విప్పార్చేస్తాయి, దానితో రెక్క మొదట్లో సందు పడుతుంది, విండ్‌షీల్డ్ కూర్చోదు. జెట్లలో ఇంకో తగాదా: కాక్‌పిట్ తొట్టి అడుగు, కింద ముందు చక్రం గది పైకప్పు ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి.

దీనికి వరస ఉంది. పోత దిమ్మను 0.2 మి.మీ. రంపంతో కోశాక ముందు తొట్టి అడుగు అరగదీయాలి, ఎందుకంటే అక్కడ రెసిన్ ఎక్కువ, కనిపించేది ఏమీ లేదు. చాలకపోతే ఫ్యూజలాజ్ లోపలి గోడ గోకాలి. ఎంతవరకో తెలియడానికి ముక్కను బల్బుకి అడ్డంగా పట్టుకుంటూ ఉండండి. బూడిదరంగు ప్లాస్టిక్ గుండా వెలుగు లేతగా కనబడటం మొదలైతే ఇక ఆపేయాలి, ఇంకా గోకితే బయటి ప్యానెల్ గీత చీలుతుంది. పక్క ప్యానెళ్లు ఆఖర్న, అవీ వెనక వైపు నుంచి మాత్రమే. ప్రతి అరగదీతకీ రెండు సగాల్నీ టేపు వేసి మూసి, విండ్‌షీల్డ్, రెక్క కూడా పెట్టి చూడాలి. ఒక్క ఫ్యూజలాజ్ మూసుకుంటే సరిపోదు.

రెసిన్‌కి మామూలు ప్లాస్టిక్ సిమెంట్ పట్టదు, సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ కావాలి. రంగు వేసే ముందు గిన్నెల సబ్బుతో గోరువెచ్చటి నీళ్లలో కడగకపోతే అచ్చు నూనె మీద రంగు ఊడి వస్తుంది. వంకర తిరిగిన ముక్క వేడినీళ్లలో ముంచితే దారికొస్తుంది. దాని పొడి ఊపిరితిత్తులకు చెడ్డది కాబట్టి అరగదీత ఎప్పుడూ తడిగానే, ముక్కుకి మాస్కుతోనే. రెసిన్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య అతుకు సూపర్ గ్లూతో నింపితే అదే రోజు, గట్టిపడిన గంటలోపే సానపట్టండి. మర్నాటికి అది చుట్టూ ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, పక్కల మాత్రం గుంట పడుతుంది.

మొత్తం కాక్‌పిట్ బదులు సీటు ఒక్కటే రెసిన్‌ది కొంటే ఈ తంటా ఏదీ లేదు. మూసిన కానొపీలోంచి కంటికి ఆనేది సీటు పైభాగం, బెల్టులు, గన్‌సైట్ అంతే. 1/32లో హెచ్‌జీడబ్ల్యూ అనే సంస్థ వారి గుడ్డ బెల్టులు నలిపితే నిజం గుడ్డలాగే పడతాయి. ఒక్కో బకిల్ లోంచి పట్టీ దూర్చాలి, ఒక సీటుకి ఒక సాయంత్రం పోతుంది. 1/72లో అంత ఓపిక పెట్టడం వృథా.

చక్రాలకు తిరుగులేదు. కిట్ చక్రం రెండు సగాలు, టైరు గాడి మధ్యలో అతుకు, దాన్ని అరగదీస్తే గాడీ పోతుంది. రెసిన్ చక్రం ఒకే ముక్క. బరువుకి నొక్కుకున్నట్టు కింద చదును చేసి వస్తుంది కాబట్టి ఆ చదును నేలకు సరిగ్గా ఆనాలి. సూపర్ గ్లూ అయితే తిప్పుకునే వ్యవధి ఉండదు. నిదానంగా పట్టే ఎపాక్సీ వేసి, విమానాన్ని గాజు పలక మీద నిలబెట్టి, చక్రాల్ని ఒక్కొక్కటే తిప్పి సరిచేయాలి. టైరు పక్కలకు మరీ ఉబ్బిన సెట్లు వద్దు. విమానం టైర్లలో గాలి ఒత్తిడి ఎక్కువ, అంత ఉబ్బు గాలి తీసిన టైరుకే ఉంటుంది.

లేతు మీద తీసిన ఇత్తడి గొట్టాల్లో మాస్టర్ అనే సంస్థకు పేరు ఊరికే రాలేదు. 20 మి.మీ. ఫిరంగి రంధ్రం 1/48లో 0.42 మి.మీ., అంత సన్నపు బోలు ప్లాస్టిక్ పోతలో రాదు. మిగ్-21 ముక్కు మీది పొడవాటి పిటాట్ బూమ్ ప్లాస్టిక్‌ది అయితే మోడల్ పూర్తయ్యేలోపు ఎలాగూ విరుగుతుంది. ఇత్తడిది విరగదు, చేతిలో గుచ్చుకుంటుంది. ఇత్తడికి మెటల్ ప్రైమర్ తప్పనిసరి, లేకపోతే గోరు తగిలినా రంగు లేచిపోతుంది. తగిలించేది అన్నిటికన్నా ఆఖరున.

వైట్ మెటల్ ల్యాండింగ్ గేర్ కొనొద్దు. చాలా సెట్లు కిట్ ముక్కకే నకలు, అతుకు గీతలతో సహా. మెత్తటి లోహం కావడంతో బరువైన మోడల్ కింద నెలలు గడిచేకొద్దీ కాళ్లు పక్కలకు జరుగుతాయి. బరువు మోయాలంటే ఇత్తడిది ఉంటే చూడండి, లేకపోతే కిట్‌లోదే చాలు.

కానొపీ మాస్కులు పసుపు కబుకి టేపువైతే (పలచటి కాగితం మాస్కింగ్ టేపు) కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. వినైల్‌వి ఉబ్బు అద్దం మీద అంచులు లేస్తాయి. అద్దం చట్రానికి ముందు లోపలి రంగు, దాని మీద బయటి రంగు. టేపు జిగురు అద్దం మీద మిగిలితే తాజా టేపు ముక్కతోనే అద్ది లాగండి.

1989లో ఫోటో ఎచ్‌తో మొదలైన చెక్ సంస్థ ఎడువార్డ్ కూడా ఇప్పుడు స్పేస్ పేరుతో త్రీడీ డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్) ప్యానెళ్లు అమ్ముతోంది. క్వింటా స్టూడియో పేరు ఈ రకంలోనే వినబడుతుంది. రంగు ఎచ్ ప్యానెల్‌కి ఇక పనిలేదని నా ఉద్దేశం. నాబ్‌లు ఉబ్బుగా, డయళ్లు మెరుస్తూ వస్తాయి. దాని సొంత జిగురును నమ్మొద్దు, కింద పలచటి పీవీఏ రాయండి. కిట్ ప్యానెల్ మీది ఉబ్బు గీతలు పూర్తిగా చదును చేశాకే పెట్టాలి. ఆఖరున మ్యాట్ వార్నిష్ కొడితే డయళ్ల మెరుపంతా పోతుంది.

ఏ సెట్ కొన్నా అది ఏ కిట్ కోసమో చదవండి, స్కేలు, విమానం పేరు చూసి ఆగొద్దు. 1/48 స్పిట్‌ఫైర్ Mk.I టమియాలోనే పాత అచ్చు ఒకటి, 2018 అచ్చు ఒకటి ఉన్నాయి. ఒకదాని కాక్‌పిట్ ఇంకోదానిలో కూర్చోదు. జెట్‌కి రెసిన్ ఎగ్జాస్ట్ పెడితే తోక బరువెక్కుతుంది, మోడల్ వెనక్కి కూలబడకుండా ముక్కులో వేయమని కిట్ చెప్పిన బరువు చాలదు. ఫ్యూజలాజ్ మూయకముందే తోక ముక్కలన్నీ టేపుతో కట్టి, మెయిన్ చక్రాల చోట వేలి మీద నిలబెట్టి, ముక్కు కిందికి వాలేదాకా టంగ్‌స్టన్ పుట్టీ కూరి, ఆపైన ఇంకొంచెం వేయండి.